చర్చిలో పూల ఫొటోలు తీయాలంటే సోమవారం పొద్దున

ఆదివారం ఆరాధన జరుగుతుంటే పీఠం ముందు కెమెరా పట్టుకుని తిరగడం నాకు నచ్చదు. మర్నాడు పొద్దున పోతే పూలు పెట్టినవి పెట్టినట్టే ఉంటాయి, జనం ఉండరు.

కాజీపేట ఫాతిమానగర్ కెథెడ్రల్‌లో, అంటే బిషప్ ప్రధాన చర్చిలో, అలంకరణ నిండుగా ఉంటుంది. గ్లాడియోలస్, జర్బెరా, చుట్టూ పచ్చని ఆకులు. కాకపోతే లోపలి లైట్లు, గుమ్మంలోంచి పడే ఎండ కలిసి తెల్లపూలకు పసుపు పులుముతాయి. లైట్లు ఆపమని మర్యాదగా అడగండి, ఫ్లాష్ మాత్రం వద్దు.

ఒక్క చోటికే వీలుంటే నేను డోర్నకల్ పొమ్మంటాను. వరంగల్ నుంచి ఖమ్మం వైపు పోయే రైల్లో దిగొచ్చు. బిషప్ అజరయ్య కట్టించిన ఈ కెథెడ్రల్‌ను 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు. గుమ్మటాలు మసీదును, రాతి స్తంభాలు గుడిని తలపిస్తాయి. ఆ స్తంభాల పక్కన మన బంతి, చామంతి ఎంత సొంతంగా ఒదిగిపోతాయో! నేను పోయేసరికి ఒక పెద్దమ్మ ఇత్తడి కూజాలోంచి వాడిన పూలు ఏరుతోంది. లిల్లీల అంచులు గోధుమరంగుకు తిరిగాయి, చామంతులు మాత్రం బిగువు సడలలేదు. "వాడినయి తీసినంక తియ్యి బిడ్డా" అంది. "ఉండనీ అమ్మా, అవి కూడా కావాలె" అన్నాను. ఆ రోజు తీసిన వాటిలో నాకు బాగా నచ్చినవి ఆ అంచులే.

మెదక్ చర్చి దారి వేరు, దానికి విడిగా ఒక రోజు పెట్టుకోండి. 1924లో ప్రతిష్ఠించిన ఆ చర్చిలో రంగు అద్దాలు వెలగాలంటే బయట ఎండ ఉండాలి. మబ్బు పట్టిన రోజు పోతే సగం అందం పోయినట్టే.

బస హన్మకొండలో చూసుకోవడం నయం. నేను దిగిన లాడ్జిలో గది శుభ్రంగానే ఉంది కానీ, ఉన్న ఒక్క ప్లగ్గూ పనిచేయక బ్యాటరీలు రిసెప్షన్‌లో ఛార్జింగ్ పెట్టాల్సి వచ్చింది. డబ్బు కట్టేముందే ప్లగ్గులు చూసుకోండి. తెల్లవారి రైలుకు ఆటో రాత్రే మాట్లాడుకోవాలి.

ఈస్టర్ ముందు నలభై రోజుల తపస్సుకాలంలో కథోలిక చర్చిల్లో పీఠం దగ్గర పూలు పెట్టరు, నాలుగో ఆదివారం, పెద్ద పండుగలు మినహాయింపు. ఈస్టర్ మర్నాటికి టికెట్ చేసుకోండి.