లేబార్జ్ సరస్సు పక్కన ముప్పై గంటలు

కెనడా ఉత్తరాన యూకాన్‌లో ఉన్న వైట్‌హార్స్‌కి చలికాలంలో వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ధ్రువకాంతులు చూడ్డానికే వస్తారు. నేను మాత్రం ఆ రెండు రాత్రులూ అవి రాకూడదని దణ్ణం పెట్టుకుంటూ దిగాను.

నవంబర్ మూడో వారాంతంలో హ్యామ్ రేడియో వాళ్ళకి, అంటే సరదాకి సొంత రేడియోలతో దూరాలకి మాట్లాడుకునేవాళ్ళకి, ఏఆర్ఆర్ఎల్ (అమెరికా హ్యామ్‌ల సంఘం) స్వీప్‌స్టేక్స్ వాయిస్ పోటీ ఉంటుంది. అమెరికా, కెనడాలను సెక్షన్లుగా విడగొడతారు. అన్ని సెక్షన్లతోనూ మాట్లాడితే క్లీన్ స్వీప్. యూకాన్, నార్త్‌వెస్ట్ టెరిటరీస్, నునావుట్ మూడూ కలిపి ఒక్కటే సెక్షన్. అక్కడినుంచి పలికే గొంతులు బహు తక్కువ. నేనుండేది సియాటిల్‌లో. అమెరికా పౌరులకి అక్కడి లైసెన్సు ఉంటే కాల్‌సైన్ (రేడియోలో మన గుర్తింపు పేరు) చివర యూకాన్ గుర్తు వీవై1 తగిలించుకుని యూకాన్ నుంచి మాట్లాడొచ్చు, వేరే పర్మిట్ అక్కర్లేదు.

వాంకూవర్ నుంచి ఎయిర్ నార్త్‌లో రెండున్నర గంటల ప్రయాణం. రేడియో నాలుగు కిలోల పైనే ఉంటుంది, దాన్ని చేతి సంచిలోనే ఉంచుకున్నాను. అద్దె కారు విషయంలో మాత్రం ముందే గట్టిగా అడగండి. అక్కడ ఇంజన్ గడ్డకట్టకుండా రాత్రంతా కారుని కరెంటు ప్లగ్గుకి పెట్టాలి. నాకు కారిచ్చినవాళ్ళు ఎక్స్‌టెన్షన్ వైరు ఇవ్వలేదు. మైనస్ 24లో దానికోసం షాపులు తిరిగాను.

మొదటి రాత్రి ఊరి మధ్యలో హోటల్లో ఉన్నాను. గది వెచ్చగా, భోజనం బాగుంది. కానీ రేడియో ఆన్ చేస్తే నలభై మీటర్ల బ్యాండ్ (హ్యామ్‌లు వాడే తరంగాల్లో ఒక వరస) మీద ఒకటే గోల. ఎల్ఈడీ దీపాలు, ఛార్జర్లు, లిఫ్టు మోటారు అన్నీ కలిసి సిగ్నల్ బలం చూపే మీటరు ముల్లుని ఎస్ 8 దగ్గర నిలబెట్టేశాయి, దూరపు గొంతులు ఆ రొదలో మునిగిపోతాయి. మామూలు యాత్రికులకి ఆ హోటల్ నిస్సంకోచంగా చెప్తాను, హ్యామ్‌లకి వద్దు. తర్వాత చూసిన చవక క్యాబిన్‌కి సోలార్, జనరేటరే దిక్కు. ఇన్వర్టర్ రొద హోటల్ కంటే ఘోరం.

చివరికి క్లోన్‌డైక్ హైవే మీద ఉత్తరంగా, లేబార్జ్ సరస్సు వైపు ఒక క్యాబిన్ దొరికింది. లైన్ కరెంటు, కట్టెల పొయ్యి, చుట్టూ స్ప్రూస్ చెట్లు. నీళ్ళు మాత్రం బిందెలతో తెచ్చుకోవాలి. రేడియో పెట్టగానే ముల్లు కదల్లేదు. ఆ నిశ్శబ్దం విని నాకు కళ్ళు చెమర్చాయి. ఇరవై మీటర్ల తీగని రెండు చెట్ల మధ్య కట్టడానికి ఇంటాయన నిచ్చెన వేసి తనే ఎక్కాడు. కేబుల్ వెదురు బద్దలా బిగుసుకుపోయింది. కనెక్టర్ తిప్పుదామని గ్లౌజు తీస్తే లోహం వేలికి అంటుకుంది. కేబుల్‌ని గంటసేపు పొయ్యి దగ్గర పెట్టాకే మెత్తబడింది.

శనివారం మధ్యాహ్నం రెండింటికి పోటీ మొదలు. ఒక్కసారి పిలిచానో లేదో, కాల్‌సైన్లు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. పోటీలో ప్రతివాళ్ళకీ మొదట లైసెన్సు వచ్చిన సంవత్సరం చివరి రెండంకెలు కూడా చెప్పాలి. నాది 98. సోమాజిగూడలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోలో మోర్స్ నేర్చుకున్న ఏడాది అది. "నైన్ ఎయిట్" అన్నప్పుడల్లా ఆ క్లాసు గుర్తొచ్చింది.

రాత్రి తొమ్మిదయ్యేసరికి గొంతులు నీళ్ళలోంచి వస్తున్నట్టు వణికాయి, తర్వాత ఆగిపోయాయి. బయటికి వస్తే ఆకాశమంతా పచ్చటి తెరలు. అంత అందాన్ని తెచ్చిన సూర్యుడి కణాలే కింద అయనోస్ఫియర్‌లో (రేడియో తరంగాల్ని దూరాలకి మళ్ళించే పై గాలి పొరలో) నా సిగ్నల్‌ని మింగేస్తున్నాయి. ఆరు గంటలు పడుకున్నాను. ముప్పై గంటల్లో ఇరవై నాలుగే వాడుకోవాలన్న నియమం అలా కలిసొచ్చింది. ఆదివారం పది దాటాక సూర్యుడొచ్చాడు, బ్యాండ్లూ తిరిగొచ్చాయి. రాత్రి ఏడూ యాభై తొమ్మిదికి పోటీ ముగిసేసరికి వంద వాట్లతో నాలుగు వందల మంది దాటారు. ఫ్లోరిడాలో ఒక పెద్దాయనకి క్లీన్ స్వీప్‌లో చివరి సెక్షన్ నేనే. రెండుసార్లు థాంక్యూ చెప్పి ఆగిపోయాడు.

సోమవారం తీగ చుట్టేసి చెట్టుకున్న తాడు విప్పబోతుంటే, వచ్చే నవంబర్ దాకా అది అక్కడే ఉండనివ్వమన్నాడు ఇంటాయన.