పన్ను కోడ్‌ని విడదీసి చూపే ఆ ఒక్క పేజీ: బ్రిటన్‌లో ఒక పెన్షనర్ సమీక్ష

హెచ్‌ఎంఆర్‌సీ (ఇక్కడి పన్నుల శాఖ) ఆన్‌లైన్ ఖాతాలో నాకు బాగా ఇష్టమైన పేజీ ఒకటుంది. జీతంలోనో పెన్షన్లోనో ఎంత పన్ను కోయాలో చెప్పే గుర్తే పన్ను కోడ్; అందులోని అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో వరసగా విడదీసి చూపే పేజీ అది. ఉద్యోగం చేసినన్నాళ్లూ దాని అవసరమే రాలేదు. చివరి రోజుల్లో జీతం చీటీ మీద 1257ఎల్ అని ఉండేది, అంతటితో సరి. ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ వైద్య సేవ) ల్యాబ్‌లో రిటైరై, ఆ తర్వాత స్టేట్ పెన్షన్ (ప్రభుత్వం ఇచ్చే వృద్ధాప్య పెన్షన్) కూడా మొదలయ్యాకే కోడ్ ఏటా మారుతుందనీ, ఒక్కో పెన్షన్‌కి ఒక్కో కోడ్ ఉంటుందనీ అనుభవంలోకి వచ్చింది. అప్పట్నుంచీ ఫోన్లో యాప్, కంప్యూటర్లో ఖాతా రెండూ వాడుతున్నాను. లాగిన్ ఎలా అవ్వాలి, ఏ గుర్తింపు కావాలి అన్నవి అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను.

2025-26కి నా పేజీలో ఉన్నది ఇదీ. మొదటి వరసలో పర్సనల్ అలవెన్సు, అంటే ఏడాదికి పన్ను పడని ఆదాయం, 12,570 పౌండ్లు. దాని కింద మా ఆవిడ తన అలవెన్సులోంచి నాకు బదిలీ చేసిన మ్యారేజ్ అలవెన్సు 1,260. రెండూ కలిపితే 13,830. ఆ కింద మైనస్ గుర్తుతో స్టేట్ పెన్షన్ 10,400 (నాది పూర్తి రేటు కాదు). మిగిలింది 3,430. చివరి అంకె తీసేస్తే 343, బదిలీ అలవెన్సు తీసుకుంటున్నానని చెప్పడానికి పక్కన ఎం. నా ఎన్‌హెచ్‌ఎస్ పెన్షన్ కోడ్ అలా 343ఎం అయింది. ఉత్తరంలోనూ ఇదే లెక్క ఉంటుంది గానీ, ఈ పేజీలో పాత కోడ్‌నీ కొత్త కోడ్‌నీ పక్కపక్కన పెట్టి ఏ వరస మారిందో చూపిస్తారు. నాకు నచ్చింది సరిగ్గా అదే.

స్టేట్ పెన్షన్ మీద పన్ను ఉంది. కానీ అది చేతికి వచ్చేటప్పుడు ఒక్క పెన్నీ కూడా కోయరు. ఆ పన్నుని మనకొచ్చే ఇంకో పెన్షన్లోంచి, కోడ్ తగ్గించి రాబడతారు. ఈ ఒక్క సంగతి తెలియక మనవాళ్లు ఎంత మనస్తాపం పడతారో నేను కళ్లారా చూశాను. కొత్త కోడ్ల ఉత్తరాలు వచ్చేవి ఎక్కువగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో. మన ఉగాది వేడుకలూ ఆ రోజుల్లోనే. పులిహోర తింటూ మాట్లాడుకునే మాటల్లో సగం ఇవే. "స్టేట్ పెన్షన్ పెంచామని ఉత్తరం పంపారు, తీరా చూస్తే ఎన్‌హెచ్‌ఎస్ పెన్షన్లో కోత పెరిగింది, ఎక్కడో పొరపాటు జరిగింది అన్నగారూ" అని ఒకాయన ఈసారి చాలా బాధపడ్డాడు. పొరపాటేమీ లేదు. 12,570 అన్న అంకె 2021 ఏప్రిల్ నుంచి కదల్లేదు. 2031 ఏప్రిల్ దాకా కదలదని 2025 నవంబరు బడ్జెట్‌లో చెప్పేశారు. స్టేట్ పెన్షన్ మాత్రం ట్రిపుల్ లాక్ (ధరల పెరుగుదల, జీతాల పెరుగుదల, 2.5 శాతం, ఈ మూడింట్లో ఏది ఎక్కువైతే అంత పెంచే హామీ) పుణ్యమా అని ఏటా పెరుగుతూనే ఉంది. 2026 ఏప్రిల్‌లో 4.8 శాతం పెరిగి పూర్తి కొత్త స్టేట్ పెన్షన్ వారానికి 230.25 నుంచి 241.30 పౌండ్లయింది. 52 వారాలకి 12,547.60. అలవెన్సుకి 22 పౌండ్ల దూరంలో ఆగింది. నా 10,400 కూడా 10,900 దగ్గరికి చేరింది, కోడ్ 293ఎం అయింది. అంటే ఏడాదికి దాదాపు 500 పౌండ్లు స్టేట్ పెన్షన్ పెరిగితే, దాని మీద 100 పౌండ్ల పన్ను ఎన్‌హెచ్‌ఎస్ పెన్షన్లో పడింది. ఆయన ఫోన్లోనే ఆ పేజీ తెరిచి వరస వరసా చూపిస్తే మనసు కుదుటపడింది. పన్ను తగ్గలేదనుకోండి, కానీ ఎవరో తన డబ్బు కాజేశారన్న దిగులు పోయింది. డెబ్బై ఏళ్ల మనిషికి అది చిన్న విషయం కాదు.

ఇక ఈ పేజీ నన్ను నిజంగా కాపాడిన సందర్భం చెప్పాలి. ఎన్‌హెచ్‌ఎస్‌లో చేరకముందు పనిచేసిన ఒక ప్రైవేటు కంపెనీ తాలూకు చిన్న పెన్షన్ నాకుంది, నెలకి 200 పౌండ్లు. అలవెన్సంతా ఎన్‌హెచ్‌ఎస్ పెన్షన్‌కే కేటాయించారు కాబట్టి దీనికి బీఆర్ కోడ్. అంటే మొదటి పౌండు నుంచే 20 శాతం. 40 పోను 160 బ్యాంకులో పడేవి. ఆ పెన్షన్ నడిపే సంస్థ ఒక ఏడాది చెల్లింపుల వ్యవస్థ మార్చింది. "మీరేమీ చేయనక్కర్లేదు" అని ముందుగా ఉత్తరం కూడా వచ్చింది. ఆ నెల బ్యాంకులో 160 బదులు 200 పడ్డాయి.

అదే వారంలో పన్ను ఖాతాలో కొత్త సందేశం ఉందని ఈమెయిల్ వచ్చింది. పేజీ తెరిస్తే ఆ సంస్థ పేరు ఒకటికి రెండుసార్లు కనబడింది. పై వరసలో నా పాత పెన్షన్ నంబరు, కోడ్ బీఆర్, ఏడాది అంచనా 2,400. కింది వరసలో ఎన్నడూ చూడని కొత్త నంబరు, కోడ్ 1257ఎల్ ఎం1, అంచనా మళ్లీ 2,400. విషయం అర్థమైంది. కొత్త వ్యవస్థలో నన్ను ఇప్పుడే పెన్షన్ మొదలైన మనిషిగా ఎక్కించారు, పాత నంబరుకి మాత్రం ముగింపు తేదీ పంపలేదు. కొత్త మనిషి కాబట్టి ఎమర్జెన్సీ కోడ్ పడింది. ఎం1 అంటే ఏడాది లెక్కతో సంబంధం లేకుండా ఏ నెలకానెల విడిగా చూడటం, నెలనెలా అలవెన్సులో పన్నెండో వంతు ఇచ్చేయడం. ఎన్‌హెచ్‌ఎస్ పెన్షన్ వైపు నా అలవెన్సు అప్పటికే ఖర్చయిపోయింది. ఇక్కడ రెండోసారి ఇస్తున్నారు. ఇంకోపక్క రాని 2,400 వస్తున్నట్టు నా ఆదాయం లెక్కలో పెరిగి కూర్చుంది.

నలభై పౌండ్లు ఎక్కువొచ్చాయి కదా, ఊరుకుంటే పోలా అని మా ఆవిడ అంది. ఊరుకోకూడదు. నెలకి 40 అంటే ఏడాదికి 480 పౌండ్ల బాకీ. సెల్ఫ్ అసెస్‌మెంట్ (మనమే లెక్క రాసి రిటర్న్ వేసే పద్ధతి) లేనివాళ్లకి అది ఏడాది గడిచాక పీ800 అనే లెక్కల ఉత్తరంగా వస్తుంది, నాలాంటి వాళ్లకి రిటర్న్ చివర బిల్లులో తేలుతుంది. అంత మొత్తం ఒక్కసారిగా మీద పడితే పెన్షన్ మీద బతికేవాళ్లకి కష్టమే.

సంస్థకి ఫోన్ చేస్తే మొదట తీసిన అబ్బాయి "అదే సర్దుకుంటుంది సార్" అన్నాడు. ఈ మాట నమ్మొద్దని అందరికీ చెబుతున్నాను. ఏ వ్యవస్థా తనంతట తాను ముగింపు తేదీ రాసుకోదు. పాత నంబరు మీద నేను ఆగిపోయినట్టు తేదీ పంపారా లేదా, అది ఒక్కటి చూసి చెప్పమని పట్టుబట్టాను. ఫోన్ పైఅధికారికి ఇచ్చాడు, ఆవిడ చూసి పంపలేదని ఒప్పుకుంది. తర్వాత హెచ్‌ఎంఆర్‌సీకి ఫోన్ చేసి, ఇది కొత్త పెన్షన్ కాదు, పాతదానికే నంబరు మారిందని చెప్పాను. రెండు వరసల్లోని నంబర్లూ ఎదురుగా పెట్టుకుని చదివి వినిపించాను కాబట్టి అవతలివాళ్లకి వెంటనే అందింది. పై వరస పోయింది, కింది వరసకి బీఆర్ వచ్చింది. మరుసటి నెల 200లో 80 కోసి 120 వేశారు, రెండు నెలల పన్నూ చెల్లయింది. ఆ పేజీ లేకపోతే ఏడాది గడిచాక ఎక్కడ తేడా వచ్చిందో వెతుక్కుంటూ కూర్చోవాల్సి వచ్చేది.

ఇంత చెప్పాక కొన్ని పరిమితులు కూడా చెప్పాలి. ఆ పేజీ మనకి డబ్బు చెల్లించేవాళ్లు పంపిన లెక్కల్నే చూపిస్తుంది. రాబోయే ఆదాయం అంచనా తప్పయితే మనమే అక్కడికక్కడ మార్చుకోవచ్చు, అది చాలా సౌకర్యం. కానీ చెల్లించే సంస్థ తప్పు లెక్క పంపితే ఆ సంస్థ వెంట పడక తప్పదు. బ్యాంకు వడ్డీ వరస కూడా ఏటా చూసుకోవాలి, ఎందుకంటే అది పాత ఏడాది వడ్డీని బట్టి వేసిన అంచనా. చాలా ఏళ్ల బాండు ఒకేసారి తీరి వడ్డీ అంతా ఒక్క ఏడాదిలో వచ్చినవాళ్లు మరీ జాగ్రత్తగా చూడాలి. ఐసాలో (వడ్డీ మీద పన్ను లేని పొదుపు ఖాతాలో) ఉన్న డబ్బుకి ఈ గొడవే లేదు.

సెల్ఫ్ అసెస్‌మెంట్ బాకీని మరుసటి ఏడాది కోడ్‌లో కలిపి నెలనెలా కొద్దికొద్దిగా తీసుకునే సదుపాయం ఒకటుంది. బాకీ 3,000 పౌండ్ల లోపు ఉండి, డిసెంబరు 30కి ఆన్‌లైన్లో రిటర్న్ వేస్తే చాలు. మొదట్లో నాకు అది ఎంతో నచ్చింది, కనబడినవాళ్లందరికీ చెప్పాను. ఇప్పుడు కొంచెం ఆలోచించి చెబుతున్నాను. పాత బాకీ వరస, స్టేట్ పెన్షన్ వరస, వడ్డీ వరస అన్నీ ఒకే కోడ్‌లో చేరాక, కోడ్ ఎందుకు తగ్గిందో తేల్చడం కష్టమవుతోంది. నేనయితే జనవరి 31 లోపల నేరుగా కట్టేస్తున్నాను. చేతిలో అంత డబ్బు ఒకేసారి లేనివాళ్లకి ఆ సదుపాయం ఇప్పటికీ మేలే.

స్టేట్ పెన్షన్, ఒక కంపెనీ పెన్షన్ తప్ప ఇంకేమీ లేనివాళ్లకి మామూలుగా రిటర్న్ అవసరమే రాదు. నేను వేయడానికి కారణం ఇండియా. తెనాలిలో ఇల్లుంది, అద్దె వస్తుంది. అక్కడి బ్యాంకులో ఒక ఎన్ఆర్ఓ డిపాజిట్ (ఇండియాలో వచ్చే రాబడి దాచుకునే ఎన్నారై ఖాతా) ఉంది. ఈ పేజీకి ఆ రెండింటి ఊసే తెలియదు, అవి నేను ఫారిన్ పేజీల్లో రాసుకోవాల్సినవి. పన్ను ఏడాది అక్కడ ఏప్రిల్ 1 నుంచి మార్చి 31, ఇక్కడ ఏప్రిల్ 6 నుంచి ఏప్రిల్ 5. అక్కడి టీడీఎస్ కాగితం ఉన్నదున్నట్టు ఇక్కడ దించితే సరిపోదు, వడ్డీ ఏ తేదీన జమైందో బ్యాంకు స్టేట్‌మెంట్ చూసి విడదీయాలి. అద్దె మీద ఇండియాలో 30 శాతం కళ్లు మూసుకుని మినహాయిస్తారు. ఇక్కడ ఆ మినహాయింపు లేదు, నిజంగా పెట్టిన ఖర్చులే చూపాలి, లేదంటే 1,000 పౌండ్ల ప్రాపర్టీ అలవెన్సు తీసుకోవాలి. ఎన్ఆర్ఈ డిపాజిట్ (విదేశీ సంపాదన పంపి దాచుకునే ఖాతా) వడ్డీకి అక్కడ పన్ను లేదు కాబట్టి ఇక్కడా లేదనుకునేవాళ్లు మనలో చాలామంది. ఇక్కడ ఉంటూ పన్ను కట్టేవాళ్లు మామూలుగా ఆ వడ్డీని కూడా ఇక్కడ చూపాల్సిందే. ఎన్ఆర్ఓ వడ్డీలో అక్కడి బ్యాంకు సెస్సుతో కలిపి 31.2 శాతం కోస్తుంది. రెండు దేశాల ఒప్పందం ప్రకారం 15 శాతమే కోయాలి, ఇక్కడ క్రెడిట్ ఇచ్చేదీ 15 దాకానే. అందుకే హెచ్‌ఎంఆర్‌సీ నుంచి రెసిడెన్సీ సర్టిఫికెట్ తెప్పించుకుని, ఫారం 10ఎఫ్‌తో కలిపి అక్కడి బ్యాంకులో ఇచ్చాను. ఆ తర్వాత 15 శాతమే కోస్తున్నారు.

రిటర్న్‌లో స్టేట్ పెన్షన్ గడి దగ్గర కూడా ఒక మాట. పెన్షన్ నాలుగు వారాలకోసారి, అదీ గడిచిన వారాలకి వస్తుంది. బ్యాంకులో పడ్డవి కూడితే వచ్చేది ఒక అంకె, ఆ గడిలో రాయాల్సింది ఇంకొకటి. ఏడాదికి మనకి రావాల్సిన హక్కు ఎంతో అది రాయాలి. మొదటి ఏడాదిలో ఈ తేడా బాగా కనబడుతుంది. రేటు చెప్పే ఉత్తరాన్ని పారేయకుండా దాచుకోండి.

జనవరి, జులై ముందస్తు కిస్తీలు నాకు పడవు, నా పన్నులో 80 శాతం పైగా పెన్షన్లలోనే కోత పడిపోతుంది కాబట్టి. అద్దెలు ఎక్కువున్నవాళ్లకి అవీ ఉంటాయి, పైగా అద్దె, స్వయం ఉపాధి రాబడి 50,000 పౌండ్లు దాటితే 2026 ఏప్రిల్ నుంచి మూడు నెలలకోసారి లెక్కలు పంపే పద్ధతి కూడా మొదలైంది. ఏడాది ఆదాయం 35,000 దాటిన పెన్షనర్లు రిటర్న్ వేయనివాళ్లయితే, వింటర్ ఫ్యూయెల్ డబ్బు (చలికాలం ఇంధన ఖర్చుకిచ్చే సాయం) కూడా 2026-27 నుంచి కోడ్ ద్వారానే వెనక్కి తీసుకుంటున్నారు. మా ఇద్దరికీ అది వర్తించదు కాబట్టి ఆ వరస ఎలా కనబడుతుందో నేను చూడలేదు.

కాబట్టి నా అభిప్రాయం ఇదీ. రెండు మూడు పెన్షన్లున్న మనిషికి ఆ ఒక్క పేజీ కోసమే ఖాతా తెరవడం దండగ కాదు, ఏప్రిల్‌లో ఒకసారి, ఏదైనా పెన్షన్ మొత్తం అటూ ఇటూ అయినప్పుడు మరోసారి చూస్తే చాలు. నాకు ఇంగ్లీషులో ఫారాలు చదవడం ఉద్యోగంలోనే అలవాటైంది, ల్యాబ్ అంకెల మధ్య బతికినవాణ్ణి కాబట్టి ఓపిక కూడా ఉంది. అది లేనివాళ్లు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి, లో ఇన్‌కమ్స్ టాక్స్ రిఫార్మ్ గ్రూప్ వాళ్ల వెబ్‌సైట్లో పెన్షనర్ల కోసం రాసిన వివరణ కూడా తేలిగ్గా అర్థమవుతుంది. ఇండియాలో నాకున్నది ఒక ఇల్లు, ఒక డిపాజిట్ మాత్రమే. పొలమో స్థలమో అమ్మే ఆలోచన ఉన్నవాళ్లు మాత్రం నా మాట పట్టుకుని సొంతంగా రిటర్న్ వేయకండి. అమ్మకం కాగితాల మీద సంతకం పెట్టకముందే రెండు దేశాల పన్నూ తెలిసిన అకౌంటెంటుకి చూపించండి.