ఛాతీలో గాలి నిండినప్పుడు, రక్తం నిండినప్పుడు: ఒక పోలిక

ఛాతీకి బలమైన దెబ్బ తగిలి, ఊపిరి అందక, రక్తపోటు పడిపోతున్న వ్యక్తిలో టెన్షన్ న్యుమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి ఒత్తిడి పెరగడం), భారీ హీమోథొరాక్స్ (అక్కడే రక్తం ఎక్కువగా చేరడం) పైకి ఒకేలా కనిపిస్తాయి. రెండింటిలోనూ దెబ్బ తగిలిన వైపు శ్వాస శబ్దాలు తగ్గిపోతాయి. తేడాను త్వరగా పట్టిచ్చేది, నా దృష్టిలో, ఛాతీని వేలితో తట్టి చూడటమే: గాలి చేరితే డొల్లగా మోగుతుంది, రక్తం చేరితే మొద్దుగా వినిపిస్తుంది. మెడ సిరలు మొదటిదానిలో ఉబ్బుతాయి, రెండవదానిలో సాధారణంగా ఉబ్బవు. అయితే వేరే చోట రక్తం బాగా పోయిన వ్యక్తిలో మొదటి స్థితిలోనూ అవి ఉబ్బకపోవచ్చు కనుక ఆ ఒక్క గుర్తునే నమ్ముకోకూడదు. శ్వాసనాళం పక్కకు జరగడం ఆలస్యంగా కనిపించే లక్షణం.

గాలి ఒత్తిడితో రోగి కుప్పకూలుతున్నప్పుడు ఎక్స్-రే కోసం ఆగడం ప్రాణం తీయవచ్చు. పెద్దవారిలో 4వ లేదా 5వ పక్కటెముకల సందులో, చంక మధ్యరేఖకు కొంచెం ముందు, శిక్షణ పొందినవారు వెంటనే సూదితో గాలిని వదిలించి, ఆ తర్వాత ఛాతీలోకి గొట్టం అమర్చాలి. రక్తం నిండితే సూదితో ప్రయోజనం లేదు; గొట్టం వేస్తూనే రక్తం ఎక్కించాలి. గొట్టం వేయగానే 1500 మిల్లీలీటర్లకు మించి వచ్చినా, 2 నుంచి 4 గంటలపాటు గంటకు 200 మిల్లీలీటర్లకు పైగా కారుతున్నా, ఛాతీ తెరిచే శస్త్రచికిత్స సాధారణంగా అవసరమవుతుంది.