పాత వెల్డింగ్ మిషన్ కొనొచ్చా? ట్రాన్స్‌ఫార్మరా, ఇన్వర్టరా, కొత్తదేనా?

“షెడ్డు వేసుకున్నాను. గ్రైండరుంది, డ్రిల్లుంది. వెల్డింగ్ మిషన్ ఒక్కటే తక్కువ. పాతది ఒకటి దొరుకుతోంది, తీసుకోమంటారా?” ఇలా అడిగేవాళ్ళు నాకు తరచూ తగులుతుంటారు. వెనకే ఇంకో మాట కూడా వస్తుంది: “పెద్దగా వాడలేదటండీ.” మిషన్ వయసు సంగతి తర్వాత చూద్దాం, ముందు మీ ఇంటి లైను ఎన్ని ఆంప్స్ మోస్తుందో చెప్పండి అంటాను. చాలామంది దగ్గర జవాబుండదు. అప్పట్లో నా దగ్గరా లేదు. అందుకే ఒక పాత మిషన్ కొని నాలుగు నెలలు తిరక్కుండానే అమ్ముకున్నాను.

అది ట్రాన్స్‌ఫార్మర్ మిషన్. ఇనుప కోరు చుట్టూ రాగి తీగ చుట్లు (కాపర్ వైండింగ్), ఇద్దరు పట్టుకుంటే గానీ కదలని బరువు. ముందువైపు చేత్తో తిప్పే హ్యాండిల్ ఉంటుంది. తిప్పితే లోపల కోరు జరిగి కరెంటు పెరుగుతుంది, తగ్గుతుంది. అందులో చెడిపోవడానికి అంతకంటే పెద్దగా ఏమీ లేదు. అమ్మినాయన వర్క్‌షాపులోనే 3.15 ఎం.ఎం. రాడ్డుతో ఓ యాంగిల్ ముక్క మీద పూస లాగి (అంటే వెల్డింగ్ గీత వేసి) చూశాను. పూస మీద గడ్డకట్టే పెంకు (స్లాగ్) సుత్తితో కొట్టకుండానే పెచ్చులా లేచొచ్చింది. ఆ పూస చూసి మనసు పారేసుకున్నాను. ఇంటికి తెచ్చి స్విచ్చి వేస్తే టప్పున ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే ఆఫ్ అయ్యే స్విచ్చి) పడింది. రాడ్డు ఇంకా హోల్డర్‌కి పెట్టనే లేదు.

స్విచ్చి వేసిన క్షణంలో ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కసారిగా గుంజే కరెంటు అది. బి రకం ఎంసీబీ తన రేటింగుకి మూడు నుంచి ఐదు రెట్ల మధ్యే వెంటనే పడిపోతుంది, సి రకానిది ఐదు నుంచి పది రెట్లు. సి రకం వేయించాక ఆ గండం గడిచింది. అసలు గండం వెల్డింగ్ మొదలుపెట్టాక వచ్చింది. సన్న రాడ్డు వేస్తే ఇంట్లో లైట్లు గుడ్డివైపోయేవి, లావు రాడ్డు వేస్తే ఒక రాడ్డు పూర్తిగా కాలేలోపే మళ్ళీ ఎంసీబీ పడేది.

కారణం కాగితం మీద లెక్క వేస్తే గానీ నాకు తలకెక్కలేదు. 2.5 రాడ్డుకి 80 ఆంప్స్ పెట్టామనుకోండి. ఆర్క్ (రాడ్డు కొనకీ ఇనుముకీ మధ్య వెలిగే మంట) దగ్గర కావలసింది సుమారు 23 వోల్టులే. కానీ ట్రాన్స్‌ఫార్మర్ మిషన్ ఖాళీగా ఉన్నప్పుడు 70 వోల్టుల దాకా ఇస్తుంది, ఇంటి లైను నుంచి గుంజే కరెంటు ఆ 70 వోల్టుల లెక్కనే ఉంటుంది. 80ని 70తో గుణిస్తే 5,600. దాన్ని 230తో భాగిస్తే 24 ఆంప్స్. మధ్యలో తగ్గిన వోల్టులు చాలామటుకు వేడిగా పోవు, మీటర్లో యూనిట్లుగానూ అంతగా కనపడవు. కానీ ఆ 24 ఆంప్స్‌ని వైరు మోయాల్సిందే. అదే 80 ఆంప్స్‌కి ఇన్వర్టర్ మిషన్ (కరెంటు పోతే వాడే ఇన్వర్టర్ కాదు, ఎలక్ట్రానిక్ బోర్డుతో నడిచే తేలికైన వెల్డింగ్ మిషన్), తన నష్టాలూ పవర్ ఫ్యాక్టరూ అన్నీ కలుపుకున్నా, సుమారు 14 ఆంప్స్‌తో సరిపెట్టుకుంటుంది. 3.15 రాడ్డుకి 110 ఆంప్స్ పెడితే ట్రాన్స్‌ఫార్మర్ 33, ఇన్వర్టర్ 20. ఇంట్లో ఉండే పెద్ద ప్లగ్గు 16 ఆంప్స్‌ది. ఇంక వేరే చెప్పాలా?

షెడ్డుకి విడిగా లావు వైరు, 32 ఆంప్స్ ఎంసీబీ, దానికి తగ్గ కనెక్షను ఉన్నవాళ్ళకి మాత్రం మొహమాటం లేకుండా చెబుతాను: పాత ట్రాన్స్‌ఫార్మర్ మిషనే కొనండి. పాతది కొనడానికి అంతకంటే నమ్మకమైన వస్తువు వర్క్‌షాపులో ఇంకోటి లేదు. దాని వయసు కంటికి కనపడుతుంది. మూత తీస్తే వైండింగ్ రంగు చెబుతుంది: ఒక్కచోట మాత్రం నల్లబడి మాడిన వార్నిష్ వాసన కొడుతుంటే వదిలేయండి. హ్యాండిల్ ఈ చివర నుంచి ఆ చివర దాకా తిరగాలి. కేబుల్ చివర బిగించే లగ్గులు కాలి నీలిరంగు తిరిగాయేమో చూడండి, లగ్గు మార్చుకోవడం పెద్ద పని కాదు గానీ బేరానికి పనికొస్తుంది. ఒక్క విషయం దగ్గర మాత్రం రాజీ పడకండి. పాత మిషన్లకి ప్లగ్గులో ఎర్త్ వైరు తెగ్గొట్టి ఉండటం నేను చాలాసార్లు చూశాను. ఎవరో ఒకసారి షాక్ కొడుతోందనో, బ్రేకర్ పడుతోందనో పీకేసి ఉంటారు. అంటే వైండింగ్ బాడీకి తగులుతోందేమో అనుమానించాలి. 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో కొలిచే మీటరు) వైండింగ్‌కీ బాడీకీ మధ్య కొలిపించి, మెగోముల్లో రీడింగు వస్తేనే డబ్బు తీయండి. అల్యూమినియం వైండింగ్ అని తెలిస్తే కొందరు ఆమడ దూరం పారిపోతారు; అంత భయం అక్కర్లేదు, జాయింట్లు వదులు కాకుండా ఉంటే అదీ పనిచేస్తుంది.

నావి మామూలు ఇంటి వైర్లు కాబట్టి రెండోసారి ఇన్వర్టర్ వైపు తిరిగాను. అదీ పాతదే చూద్దామని వెళ్ళాను. చేతిలో ఎత్తుకుపోయేంత బరువు, పైన గీత కూడా పడలేదు. నా సొంత రాడ్లు, రెండు 5 ఎం.ఎం. ప్లేటు ముక్కలు పట్టుకెళ్ళాను. మొదటి రాడ్డు బాగా కాలింది. రెండోది కాలుతుండగా ఆర్క్ చిటపటలాడటం మొదలైంది. మూడో రాడ్డు సగంలో పసుపు లైటు వెలిగి ఆగిపోయింది. అమ్మేవాళ్ళు “చల్లారితే మళ్ళీ వస్తుందండీ” అన్నారు. అరగంట కూర్చున్నాం, రాలేదు. మూత తీసి చూపించమంటే చూపించారు: ఫ్యాను రెక్కల మీద, బోర్డు మీద నల్లటి పొడి మందంగా పేరుకుని ఉంది. వేలితో రుద్దితే గరగరలాడింది. గ్రైండర్ పక్కనే పెట్టి వాడారు.

ఇన్వర్టర్‌తో పేచీ ఇదే. ఇంటి కరెంటుని డీసీ చేసి, ఐజీబీటీలనే ఎలక్ట్రానిక్ స్విచ్చిలతో సెకనుకి వేల సార్లు ఆన్ ఆఫ్ చేస్తే గానీ అంత చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌తో పని నడవదు. ఆ పనంతా చేసేది బోర్డు. గ్రైండర్ నుంచి రాలే ఇనుప పొడి కరెంటు పారే పొడి. ఫ్యాను దాన్ని గాలితో పాటు లోపలికి లాగి బోర్డు మీద పరుస్తుంది. పైన రంగు నిగనిగలాడుతున్నా లోపల ఎంత ఆయుష్షు మిగిలిందో పైనుంచి తెలియదు. బోర్డు పోతే చాలా మోడళ్ళకి బోర్డంతా మార్చడమే, అదీ దొరికితే. ఇంకో సంగతి: చూద్దామన్న ఆత్రంలో ప్లగ్గు పీకగానే మూత తీసి చేయి పెట్టకండి. లోపలి కెపాసిటర్లలో సుమారు 325 వోల్టులు కాసేపు నిలిచే ఉంటాయి.

అయినా పాత ఇన్వర్టరే కొంటానంటారా? పది నిమిషాల పరీక్ష పెట్టండి. పది అని ఎందుకంటే డ్యూటీ సైకిల్ (మిషన్ విరామం లేకుండా ఎంతసేపు వెల్డింగ్ చేయగలదో చెప్పే శాతం) లెక్క పది నిమిషాలకే కడతారు. 80 ఆంప్స్ దగ్గర 60 శాతం అంటే ఆరు నిమిషాలు వెల్డింగ్, నాలుగు నిమిషాలు విరామం. 2.5 రాడ్డు కాలడానికి సుమారు నిమిషం పడుతుంది. ఆరు రాడ్లు వరసగా కాల్చండి. ఒక్క పూస లాగి “బాగుంది” అనుకుని రావద్దు, చల్లగా ఉన్నప్పుడు అన్నీ బాగానే ఉంటాయి. ఆరో రాడ్డు అయ్యాక కేబుల్ పిన్ను మిషన్‌కి తగిలించే చోట జాగ్రత్తగా తాకి చూడండి. మిగతా కేబుల్ కంటే అక్కడ మరీ కాలుతుంటే కాంటాక్టు వదులైందన్నమాట.

నేనైతే మూడోసారి పాతవాటి జోలికి పోలేదు. చిన్న కొత్త ఇన్వర్టర్ తీసుకున్నాను, గ్యారంటీ కాగితంతో. గేట్లు, స్టాండ్లు, టేబుళ్ళు చేసుకునేవాళ్ళకి 100 ఆంప్స్ లోపే తొంభై పాళ్ళ పని అయిపోతుంది. పైగా అది డీసీ. పాత మిషన్ ఏసీ ఆర్క్ సెకనుకి వంద సార్లు సున్నాకి పడి లేస్తుంది కాబట్టి సన్న ట్యూబు మీద కొత్తవాళ్ళ చేతిలో రాడ్డు ఊరికే అంటుకుపోతుంది. 7018 రకం రాడ్డయితే తక్కువ వోల్టుల ఏసీ మిషన్ల మీద వెలగడానికే మొరాయిస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ మీద ప్రేమ పోలేదు గానీ, దాన్ని పెట్టుకోవాలంటే ముందు లైను మార్పించుకోవాలి, ఆ ఖర్చూ మిషన్ ధరలోనే కలపాలి.

పాత మిగ్ మిషన్లు (రాడ్డు బదులు తీగ చుట్టతో వెల్డింగ్ చేసేవి) కూడా అమ్మకానికి వస్తుంటాయి. వైరు ఫీడరు, లైనరు, టార్చి అన్నీ విడివిడిగా అరిగేవే, గ్యాస్ సిలిండరు సంగతి వేరే. వెల్డింగ్ బాగా వచ్చినవాళ్ళు చూసుకోవచ్చు, మొదటి మిషన్‌గా వద్దు. ఆయిల్ కూల్డ్ పెద్ద మిషన్లు, ఇంజిన్‌తో నడిచేవి ఇంటి షెడ్డుకి కావు.

ఏది చూడటానికి వెళ్ళినా ముందు నేమ్ ప్లేటు ఫొటో అడగండి. పెట్టె మీద పెద్దగా రాసిన 200, 250 అంకెల్ని నమ్మకండి, అవి చాలాసార్లు మోడల్ పేర్లే. ప్లేటు మీద ‘ఐ1 మ్యాక్స్’, ‘ఐ1 ఎఫెక్టివ్’ అని రెండుంటాయి. మొదటిది మిషన్ లైను నుంచి గుంజే గరిష్ఠ కరెంటు, రెండోది విరామాలు కూడా లెక్కలోకి తీసుకున్నాక వైరు మీద పడే భారం. ఉదాహరణకి గరిష్ఠం 32 ఆంప్స్, డ్యూటీ సైకిల్ 25 శాతం అయితే రెండోది 16 దగ్గర ఉంటుంది. ఈ రెండంకెలూ మీ బోర్డులోని ఎంసీబీ పక్కన పెట్టి చూసుకున్నాకే బయల్దేరండి. ఫొటో పంపకుండా “కండిషన్ సూపర్ అండీ, వచ్చి చూసుకోండి” అని మాత్రమే అంటే నేను వెళ్ళను.