అమెరికా రెస్టారెంట్లలో టిప్పు అడిగే స్క్రీన్: ఎక్కడ నొక్కాలి, ఎక్కడ వదిలేయాలి

అమెరికాలో చిన్న రెస్టారెంట్లు, కాఫీ షాపుల్లో స్క్వేర్ అనే కంపెనీ కార్డు మెషిన్ తరచూ కనిపిస్తుంది. కార్డు పెట్టే ముందు తెర మనవైపు తిప్పుతారు. బిల్లు పది డాలర్లు దాటితే సాధారణంగా 15, 20, 25 శాతం, లోపైతే 1, 2, 3 డాలర్లు అని చూపిస్తుంది. పిల్లల్ని చూడ్డానికి వెళ్లిన అమ్మానాన్నలు తడబడేది ఇక్కడే. ఆ అంకెలు ఆ దేశపు ఆచారం కాదు, మార్చుకునే వీలు షాపు యజమానికి ఉంటుంది.

బల్ల దగ్గరికొచ్చి ఆర్డరు తీసుకుని వడ్డించే చోట 18 నుంచి 20 శాతం ఇచ్చేయండి. అక్కడ పిసినారితనం వద్దు. టెక్సాస్ లాంటి రాష్ట్రాల్లో టిప్పులొచ్చే వెయిటర్‌కు యజమాని నేరుగా ఇవ్వాల్సిన కనీస వేతనం గంటకు 2.13 డాలర్లే. ఫెడరల్ (కేంద్ర) చట్టంలో ఆ అంకె 1991 నుంచి మారలేదు. వాళ్ల ఇల్లు గడిచేది టిప్పుల మీదే.

కౌంటర్లో మనమే ఆర్డరిచ్చి ట్రే మోసుకునే చోట, పార్సిల్ తీసుకునే చోట ‘నో టిప్’ నొక్కినా తప్పు కాదు. కాఫీకీ, గంటన్నర వడ్డించిన భోజనానికీ ఒకేలా టిప్పు అడగడమే ఈ మెషిన్‌లో పెద్ద లోపం. కొత్తవాళ్లు మొహమాటానికి పోయి రెండు చోట్లా టిప్పు నొక్కేస్తారు.

శాతం పన్నుతో కలిపి లెక్కేయాలా, పన్నుకు ముందా అన్నదీ యజమాని సెట్టింగే. డాలస్‌లో పన్ను 8.25 శాతం. 60 డాలర్ల భోజనానికి పన్నుకు ముందు 20 శాతం 12 డాలర్లు, పన్ను కలిపితే 12.99. ఈ తేడా చిన్నదే, వదిలేయొచ్చు. అసలు దెబ్బ గుంపుగా వెళ్లినప్పుడు. ఆరుగురో ఎనిమిదిమందో దాటితే చాలాచోట్ల 18 శాతం ‘గ్రాట్యుటీ’ (అంటే టిప్పే) బిల్లులోనే కలిపేస్తారు. 200 డాలర్లకు 36 అప్పటికే పడింది. చూసుకోకుండా మళ్లీ 20 శాతం నొక్కితే ఇంకో 40 పోతాయి. తెర ముట్టుకునే ముందు బిల్లు కింది వరుసలు చదవండి.

కాగితం స్లిప్పే నయం, ఆలోచించే తీరిక ఉంటుంది. అందులో ‘టిప్’, ‘టోటల్’ గడులు రెండూ నింపి సంతకం పెట్టాలి. నగదు ఇస్తే టిప్ గడిలో ‘క్యాష్’ అని రాయండి, ఖాళీగా వదలొద్దు. బ్యాంకు మెసేజ్‌లో మొదట సాధారణంగా అసలు బిల్లే వస్తుంది, టిప్పు తర్వాత కలుస్తుంది. కాబట్టి ఫారెక్స్ కార్డులో ఆ మేరకు డబ్బు మిగిల్చి, మీ కాపీతో స్టేట్‌మెంట్ సరిచూసుకోండి.

లాడ్జింగ్‌లో గది శుభ్రం చేసేవాళ్ల దగ్గర ఏ మెషినూ ఉండదు. రోజుకు 2 నుంచి 5 డాలర్ల నోట్లు, ‘థాంక్యూ’ చీటీతో, ప్రతి ఉదయం పెట్టండి. మనుషులు రోజూ మారొచ్చు, చివరి రోజు ఒకేసారి పెడితే ముందు రోజుల్లో పనిచేసినవాళ్లకు అందదు.