పిల్లల మడమ నొప్పికి సిలికాన్ ప్యాడ్లు: ఎవరికి పనికొస్తాయి, ఎవరిని ముందు డాక్టరుకు చూపించాలి

బెంగళూరులో పిల్లలను ఫుట్‌బాల్ కోచింగుకు పంపే తల్లిదండ్రులకు సిలికాన్ మడమ ప్యాడ్లను కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. సర్జికల్ షాపుల్లోనూ, కాస్త పెద్ద మందుల దుకాణాల్లోనూ, ఆన్‌లైన్‌లోనూ జత మూడు నాలుగు వందల రూపాయలకు దొరుకుతాయి. చిన్న గిన్నెలా లోతుగా ఉండి, మడమ బరువు పడే చోట నీలిరంగు మెత్తటి బిళ్ళతో వచ్చే ఈ ప్యాడ్లను మా పదకొండేళ్ల అబ్బాయి ఒక సీజనంతా వాడాడు. వస్తువుగా చూస్తే మంచిదే. అయిదుకు నాలుగు మార్కులు ఇస్తాను. పెట్టె మీద రాసిన మాటకు మాత్రం సున్నా. 'అన్ని రకాల మడమ నొప్పులకూ ఉపశమనం' అని అందులో ఉంది. పెద్దల సంగతి ఎలా ఉన్నా, పిల్లల విషయంలో ఆ మాట నమ్మి కొనుక్కుంటే అసలు జబ్బును కొన్ని వారాల పాటు గమనించకుండా వదిలేసే ప్రమాదం ఉంది.

ఈ ప్యాడు నిజంగా పనికొచ్చే నొప్పి ఒకటుంది. సుమారు 8 నుంచి 14 ఏళ్ల మధ్య, పరుగులూ గెంతులూ ఎక్కువగా ఉండే పిల్లల్లో మడమ వెనక భాగాన వచ్చే ఆ నొప్పిని డాక్టర్లు సీవర్స్ వ్యాధి అంటారు. 1912లో దాన్ని వివరించిన అమెరికా వైద్యుడు జేమ్స్ సీవర్ పేరు అలా నిలిచిపోయింది గానీ, నిజానికి అది భయపడాల్సిన వ్యాధేమీ కాదు. ఆ వయసులో మడమ ఎముక వెనక అంచు మిగతా ఎముకతో ఇంకా కలిసిపోయి ఉండదు. రెండింటి మధ్య మృదులాస్థి పొర ఉంటుంది. పిక్క కండరం నుంచి కిందికి దిగే దళసరి స్నాయువు సరిగ్గా ఆ అంచునే పట్టుకుని ఉంటుంది కాబట్టి, పిల్లవాడు ఒక్కసారిగా పొడుగు సాగే రోజుల్లో ఎముక పెరిగినంత వేగంగా కండరం సాగక, అడుగు అడుగుకూ అక్కడ లాగినట్టవుతుంది. దానికి తోడు టర్ఫ్ మీద ఆట, మడమ దగ్గర ఎత్తు లేని స్టడ్స్ బూట్లు. ప్యాడు మడమను కొన్ని మిల్లీమీటర్లు పైకి లేపి ఆ లాగుడును తగ్గిస్తుంది, నేల నుంచి తగిలే అదురును కొంత ఆపుతుంది. అంతకు మించి అది చేసేదేమీ లేదు. ఎముక అంచు కలిసిపోయాక, అంటే దాదాపు పదిహేనేళ్లు వచ్చేసరికి, ఈ నొప్పి దానంతట అదే పోతుంది.

మరి మన పిల్లవాడిది ఆ నొప్పేనని ఎవరు తేల్చాలి? మేము వెళ్లిన మందుల షాపులో కౌంటరు దగ్గరున్న వ్యక్తి వయసు కూడా అడగకుండా ప్యాడ్లతో పాటు నొప్పి సిరప్పు ఒకటి చేతిలో పెట్టబోయాడు. మేము చూపించిన పిల్లల ఎముకల డాక్టరు మాత్రం పాదం ముట్టుకోకముందే వరుసగా ప్రశ్నలు వేశారు. నొప్పి ఒక కాలికా, రెండింటికా? ఆడాక వస్తుందా, పొద్దున మంచం దిగగానే వస్తుందా? రాత్రి నిద్రలోంచి లేపుతుందా? ఈ మధ్య జ్వరం వచ్చిందా? ఆ తరువాతే మడమను వెనకవైపు, రెండు పక్కలా, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నెమ్మదిగా నొక్కారు. మావాడు చటుక్కున కాలు వెనక్కి లాక్కున్నాడు. రెండో మడమను కూడా అలాగే నొక్కి చూసి, మునివేళ్ల మీద నిలబడమని, గది చివరి దాకా నడిచి రమ్మని, బూట్లు విప్పించి లోపల చెయ్యి పెట్టి చూసి, ఎక్స్‌రే ప్రస్తుతానికి అవసరం లేదన్నారు. ప్యాడు సంగతి ఆయన చివర్లో చెప్పారు, అది కూడా కొన్ని వారాలు ఆట తగ్గించడం, పిక్కలను సాగదీసే వ్యాయామం, ఆడాక మంచుముక్కల కాపడం వీటన్నిటి తరువాత.

ఇంట్లో పెద్దవాళ్లకు ఇదంతా ఎక్కువ హడావిడిగా కనిపిస్తుంది. 'ఎదిగే పిల్లలకు కాళ్ల నొప్పులు మామూలేనమ్మా' అని అనంతపురం నుంచి వచ్చిన మా అత్తగారు ఆముదం వెచ్చబెట్టి రాసేవారు. ఆవిడ మాటలో సగం నిజం ఉంది. మూడు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లల్లో చాలామందికి సాయంత్రమో రాత్రో రెండు కాళ్లూ, ముఖ్యంగా పిక్కలూ తొడలూ మోకాళ్ల వెనకా, లాగినట్టు నొప్పి వస్తుంది. కాసేపు మర్దన చేస్తే తగ్గుతుంది. పొద్దున లేచేసరికి ఏమీ లేనట్టు పరుగెత్తుతారు. దానికి ఆముదం చాలు. అయితే ఆ నొప్పి కీళ్లలో రాదు, ఒకే పాదంలో ఒకే చోట వేలు పెట్టి చూపించేలా ఉండదు, పిల్లవాణ్ణి కుంటించదు. ఈ మూడింట్లో ఏ ఒక్కటి కనిపించినా ఆముదం సీసా, ప్యాడు రెండూ పక్కన పెట్టి డాక్టరుకు చూపించడమే మంచిది.

అన్నిటికంటే తొందరపడాల్సింది జ్వరంతో పాటు వచ్చే నొప్పి విషయంలో. పిల్లవాడు కాలు నేల మీద మోపనని మొరాయిస్తూ, ఒళ్లు కాలుతూ, నొప్పి ఉన్న చోట వాపో వేడో ఎరుపో ఉంటే, అది ఎముకలోనో కీలులోనో చేరిన చీము కావచ్చు. చర్మం మీద గాయం ఏదీ లేకుండా రక్తం ద్వారా కూడా మడమ ఎముకకు ఇన్ఫెక్షను చేరుతుంది. కీలులో చీము చేరితే కొద్ది రోజుల్లోనే మృదులాస్థి శాశ్వతంగా దెబ్బతింటుంది కాబట్టి తెల్లవారే దాకా ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. అలాంటి కాలిని మర్దన చేయించడం, కట్టు కట్టించడం అసలు చేయకూడదు. బూటులోంచి మేకు గుచ్చుకున్న సందర్భం కూడా చిన్నది కాదు. చెమట పట్టిన బూటు అడుగు స్పాంజిలో సూడోమోనాస్ అనే బాక్టీరియా ఉండవచ్చు. టీటీ ఇంజెక్షను చేయించి ఊరుకుంటే, పైన గాయం మానినా లోపల ఎముకకు ఇన్ఫెక్షను పట్టుకునే అవకాశం మిగిలే ఉంటుంది. మేకు దిగిన కొన్ని రోజులకు నొప్పి తగ్గడానికి బదులు పెరిగితే వెంటనే చూపించాలి.

దెబ్బ తగిలినప్పుడు ముందుగా చూడాల్సింది: నాలుగు అడుగులు వేయగలుగుతున్నాడా లేదా. వేయలేకపోతే ఎక్స్‌రే తీయించాలి. పిల్లల్లో ఎముక ఎదిగే చోట వచ్చే విరుగు మొదటి ఎక్స్‌రేలో కనిపించకపోవడం కూడా ఉంది. అందుకే ఫిల్ము బాగానే ఉన్నా నొప్పి అదే చోట నిలిచి ఉంటే మళ్లీ చూపించడం చాదస్తమేమీ కాదు.

సీవర్స్‌ను పోలి ఉండి మోసం చేసేది కీళ్లవాతం. పిల్లలకు కూడా కీళ్లవాతం వస్తుందంటే చాలామంది నమ్మరు. అందులో ఒక రకం మడమ వెనక స్నాయువు అతుక్కునే చోటునే పట్టుకుంటుంది. తేడా ఎక్కడంటే, సీవర్స్ నొప్పి ఆడినకొద్దీ పెరుగుతుంది, విశ్రాంతితో తగ్గుతుంది. కీళ్లవాతం నొప్పి పొద్దున పట్టేసినట్టుండి, తిరగడం మొదలుపెట్టాక సడలుతుంది. ఇక ఆటకూ విశ్రాంతికీ సంబంధం లేకుండా రాత్రిపూట నిద్ర లేపే నొప్పి, దానితో పాటు ఒళ్లు పాలిపోవడం, బరువు తగ్గడం, కారణం లేకుండా చర్మం మీద కమిలిన మచ్చలు ఉంటే రక్తపరీక్ష వాయిదా వేయకూడదు. ఆరేళ్ల లోపు పిల్లవాడు పాదం బయటి అంచు మీద బరువు వేసి నడుస్తుంటే అది మడమ సమస్య కాకపోవచ్చు; పాదం మధ్యలో ఉండే చిన్న ఎముకకు రక్తప్రసారం తగ్గడం వల్ల వచ్చే కోలర్ వ్యాధి ఆ వయసులోనే వస్తుంది, దానికి ఈ ప్యాడు ఎందుకూ పనికిరాదు.

ఎక్కడికి వెళ్లాలో తెలియనివాళ్లకు బెంగళూరులో రెండు ప్రభుత్వ సంస్థలు ఉన్నాయి: దెబ్బలకూ ఎముకలకూ జయనగర్ వైపున్న సంజయ్ గాంధీ సంస్థ, జ్వరంతో కూడిన పిల్లల జబ్బులకు నిమ్హాన్స్ దగ్గరి ఇందిరాగాంధీ పిల్లల ఆసుపత్రి.

సీవర్సేనని తేలాక కొనేవాళ్లు కొలత విషయంలో జాగ్రత్త పడాలి. చిన్న సైజు అని అమ్మేవి కూడా చాలావరకు పెద్దవాళ్ల పాదానికి చేసినవే. గిన్నె అంచు మడమకు ఆనకుండా వదులుగా ఉంటే ప్యాడు బూటులో జరిగిపోతుంది. నొప్పి ఒక కాలికే ఉన్నా రెండు బూట్లలోనూ పెట్టాలి, లేకపోతే ఎత్తు తేడా వస్తుంది. లోతు తక్కువున్న స్కూలు బూట్లలో పెడితే మడమ పైకి తేలి బూటు ఊడిపోతుంది. ఆటబూట్లలో, లోపలి అట్ట తీసి పెడితే బాగా ఇముడుతుంది. వానాకాలంలో చెమటకు జిగురుగా తయారై సాక్సు నూలుపోగులన్నీ అంటుకుంటాయి, రోజూ సబ్బునీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టాలి. నేను ఒక మార్కు తగ్గించింది దీనికే. పక్కనే అమ్మే ఖరీదైన చదునుపాదాల అట్టలను కూడా చూపిస్తారు. పిల్లవాడు మునివేళ్ల మీద నిలబడినప్పుడు పాదం కింద ఒంపు కనిపిస్తూ, నొప్పి లేకపోతే అవి కొనే పని లేదు. ప్యాడు వేసుకుని, ఆట తగ్గించి మూడు నాలుగు వారాలైనా కుంటుతూనే ఉంటే మాత్రం ఇంకో బ్రాండు వెతక్కుండా అదే డాక్టరు దగ్గరకు తిరిగి తీసుకువెళ్లండి.