ఐసర్ సీటు ‘ప్యాకేజీ’ కొనబోతున్నారా? ముందు ఫారంలో ఉన్న ఫోన్ నంబరు ఎవరిదో చూడండి

ఇంటర్ పరీక్షలు అయ్యీ అవకముందే ఫోన్లు మొదలవుతాయి. ‘ఐసర్‌లో సీటు ఇప్పిస్తాం, అప్లికేషన్ నుంచి అడ్మిషన్ దాకా అన్నీ మేమే చూసుకుంటాం’ అంటారు. ఎంసెట్ గురించి అయితే వీధిలో ఎవరినడిగినా చెప్తారు. ఐసర్ (సైన్సు చదువు, పరిశోధన కోసం పెట్టిన ఐఐఎస్ఈఆర్ సంస్థ) సంగతి తెలిసినవాళ్లు తక్కువ, అందుకే ఈ వ్యాపారం సాగుతోంది. ఈ ప్యాకేజీలు కొన్నవాళ్లకు ఎక్కడ దెబ్బ తగులుతోందో వివరంగా రాస్తున్నాం. డబ్బు కట్టే ముందు ఒకసారి చదవండి.

అసలు సరుకేమిటో ముందు చూద్దాం. తిరుపతి, పుణె, కోల్‌కతా, మొహాలీ, భోపాల్, తిరువనంతపురం, బరంపురంలలో ఏడు ఐసర్లున్నాయి. అన్నీ కేంద్ర ప్రభుత్వ సంస్థలే. సైన్సులో డిగ్రీ, పీజీ కలిపి ఉండే ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ సీటు రావాలంటే ఇప్పుడున్నది ఒక్కటే దారి, ఐసర్లు పెట్టే ఐఏటీ (ఐసర్ ఆప్టిట్యూడ్ టెస్ట్) పరీక్ష. ఒకప్పుడు కేవీపీవై (సైన్సు విద్యార్థులకు కేంద్రం ఇచ్చిన ఫెలోషిప్), జేఈఈ అడ్వాన్స్‌డ్ దారులు కూడా ఉండేవి. కేవీపీవైని 2022లో ఆపేశారు, 2024 నుంచి అడ్వాన్స్‌డ్ ర్యాంకు దారినీ మూసేశారు. ‘అడ్వాన్స్‌డ్ కోటా కింద చూద్దాం సార్’ అని ఎవరైనా ఇంకా అంటుంటే పాత కరపత్రం చూసి మాట్లాడుతున్నారని అర్థం. దరఖాస్తు రుసుము 2024లో జనరల్, ఓబీసీ, ఈడబ్ల్యూఎస్ వాళ్లకు 2000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 1000. ఆపైన మీ దగ్గర తీసుకునేదంతా మధ్యవర్తి జేబులోకే పోతుంది.

మేనేజ్‌మెంట్ కోటా అనేది ఐసర్‌లో లేదు. డైరెక్టర్ కోటా, ఎంపీ సిఫార్సు, ‘లాస్ట్ రౌండ్‌లో మిగిలిన సీట్లు’ అంటూ లక్షలు అడిగేవాళ్లతో మాటలే అనవసరం. వాట్సాప్‌లో ఆఫర్ లెటర్ పీడీఎఫ్ పంపితే నమ్మకండి. పిల్లల లాగిన్‌తో ఐసర్ అడ్మిషన్ పోర్టల్ తెరిచి చూడండి. అక్కడ ఆఫర్ కనబడకపోతే ఆ కాగితం చిత్తుకాగితమే.

‘సీటు రాకపోతే మొత్తం వాపస్’ అనే మాట దగ్గర చాలామంది మెత్తబడతారు. లెక్క చూడండి. పదిమంది దగ్గర డబ్బు తీసుకుంటాడు, చేసేదేమీ లేదు. ముగ్గురికి సొంత మార్కులతో సీటొచ్చిందనుకోండి, ఆ ముగ్గురి డబ్బూ ఉంచుకుని ఏడుగురికి తిరిగిచ్చేస్తాడు. పైగా ఆ ఏడుగురే ‘పాపం, నిజాయితీపరుడు, డబ్బు వెనక్కిచ్చాడు’ అని ఊరంతా చెప్తారు. రసీదులో ‘సర్వీస్ చార్జీ, తిరిగి ఇవ్వబడదు’ అని చిన్న అక్షరాల్లో ఉంటే ఆ వాపసు కూడా ఉండదు.

ఇక అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఫారంలోని రెండు గడులు. వాళ్లు ప్రింటు తీసి ఇచ్చిన అప్లికేషన్‌లో మొబైల్ నంబరు, ఈమెయిల్ అని ఉన్న చోట చూడండి. పిల్లవాడి నంబరు ఉండాల్సిన చోట కన్సల్టెన్సీ నంబరు ఉంటుంది. పిల్లవాడి పేరు వెనక నాలుగంకెలు తగిలించి వాళ్లే తయారుచేసిన జీమెయిల్ ఉంటుంది. పాస్‌వర్డ్ మీకివ్వరు. అడిగితే ‘మీకెందుకు సార్ టెన్షన్’ అంటారు. ఆ తర్వాత అడ్మిట్ కార్డు, ఫలితం, సీటు కబురు అన్నీ ఆ మెయిల్‌కే వెళ్తాయి, ఓటీపీ ఆ ఫోనుకే వెళ్తుంది. ఐసర్ ఆఫర్ ఇచ్చాక ఒప్పుకుని సీటు రుసుము కట్టడానికి రోజుల గడువే ఉంటుంది. ఆ గడువు దాటితే సీటు చేజారుతుంది, వాళ్లు చూడటం మర్చిపోయారన్నా వినేవాళ్లుండరు. కొందరైతే సరిగ్గా ఆ రోజునే ఫోన్ చేసి ‘మిగతా సొమ్ము పంపితేనే లాగిన్ ఇస్తాం’ అని బేరం పెడతారు. అందుకే ఎవరితో ఫారం నింపించుకున్నా, నెట్ సెంటర్‌లోనైనా సరే, మొబైల్, మెయిల్ మీవే ఇవ్వండి. పాస్‌వర్డ్ మీరే టైపు చేయండి.

సర్టిఫికెట్ల దగ్గర జరిగేదాన్ని పూర్తిగా మోసం అనలేం, చాలావరకు తెలియనితనమే. కానీ సీటు మాత్రం పోతుంది. మన దగ్గర మీసేవలో, సచివాలయంలో మామూలుగా తీసే కుల ధ్రువీకరణ పత్రంలో బీసీ-ఏ, బీసీ-బి, బీసీ-డి అని ఉంటుంది. ఎంసెట్ కౌన్సెలింగ్‌కు అది చాలు, ఐసర్‌కు చాలదు. కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ (సంపన్న శ్రేణిలో లేరనే) పత్రం విడిగా దరఖాస్తు చేసి తీసుకోవాలి, అది కూడా ఆ ఏడాది నోటిఫికేషన్ అడిగిన తేదీ తర్వాత ఇచ్చినదై ఉండాలి. మామూలుగా అది ఏప్రిల్ 1. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న కులాలన్నీ కేంద్ర ఓబీసీ జాబితాలో లేవు. బీసీ-ఈ కింద ఉన్నవాళ్లు ముఖ్యంగా జాతీయ బీసీ కమిషన్ సైటులో పేరు చూసుకోవాలి. కేంద్ర జాబితాలో లేకపోతే, మిగతా షరతులు సరిపడితే, కేంద్ర సంస్థల వరకు ఈడబ్ల్యూఎస్ అడగొచ్చు. ఈ సంగతి ప్యాకేజీ అమ్మేవాళ్ల నోట వినబడదు.

ఆదాయం దగ్గర ఇంకో దందా. ‘మీ జీతం ఎనిమిది లక్షలు దాటింది, ఓబీసీ రాదు, ఇన్‌కమ్ మేనేజ్ చేయాలి’ అని డబ్బు గుంజుతారు. క్రీమీలేయర్ ఆదాయ లెక్కలో జీతమూ వ్యవసాయ ఆదాయమూ కలపరు. ప్రభుత్వోద్యోగులకైతే తల్లిదండ్రుల ఉద్యోగ హోదాను చూస్తారు. అంటే మామూలుగానే వచ్చే కాగితానికి బదులు దొంగ కాగితం అంటగడుతున్నారు, అది ఎప్పుడు బయటపడినా పిల్లవాడి అడ్మిషనే రద్దవుతుంది. ఈడబ్ల్యూఎస్ లెక్క వేరు. అక్కడ జీతం, పొలం, వ్యాపారం అన్నీ కలిపి ఎనిమిది లక్షల లోపుండాలి. ఐదెకరాల సాగుభూమి ఉన్నా, వెయ్యి చదరపు అడుగుల ఫ్లాటున్నా ఆదాయంతో పనిలేకుండా అనర్హులే.

అర్హత లేనివాళ్లకు కూడా ప్యాకేజీ అమ్మేస్తున్నారు. ఇంటర్ ఆ ఏడాది నోటిఫికేషన్ చెప్పిన సంవత్సరాల్లోనే పాసై ఉండాలి. లాంగ్ టర్మ్ చేసినవాళ్లు ఇది ముందే చూసుకోవాలి. ఇంటర్‌లో మొత్తం మీద 60 శాతం ఉండాలి, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 55. ఎంపీసీ, బైపీసీ ఇద్దరూ రాయొచ్చు. అయితే భోపాల్, తిరుపతిలలో ఉన్న నాలుగేళ్ల కోర్సులకు ఇంటర్‌లో మ్యాథ్స్ తప్పనిసరి, కాబట్టి బైపీసీ పిల్లల ప్రాధాన్య క్రమంలో అవి ఉంటే ఆ వరుస వృథా.

‘ఒక్క ఫారంతో ఐఐఎస్సీ, ఐఐటీ మద్రాస్ కూడా కవర్ అవుతాయి’ అనేది సగం నిజం. బెంగళూరు ఐఐఎస్సీ నాలుగేళ్ల బీఎస్‌కూ, ఐఐటీ మద్రాస్ మెడికల్ సైన్సెస్ అండ్ ఇంజినీరింగ్ బీఎస్‌కూ ఐఏటీ స్కోరు చూస్తారు. కానీ ఆయా సంస్థల సైట్లలో విడిగా దరఖాస్తు పెట్టాలి, విడిగా రుసుము కట్టాలి, గడువులు కూడా వేరు. ఇలాంటి సైన్సు సంస్థలే అయిన భువనేశ్వర్ నైసర్, ముంబయిలోని సీబీఎస్‌లకు పరీక్షే వేరు, నెస్ట్ రాయాలి. కట్టామని చెప్పే ప్రతి దరఖాస్తుకూ అప్లికేషన్ నంబరు, రుసుము రసీదు చేతిలో పెట్టమనండి.

ప్యాకేజీతో వచ్చే ‘ఐఏటీ టెస్ట్ సిరీస్’ చాలాచోట్ల ఎంసెట్ ప్రశ్నలకు కొత్త అట్ట వేసినదే. ఎంసెట్‌లో మూడు గంటలకు 160 ప్రశ్నలు, తప్పుకు కోత లేదు. ఐఏటీలో అదే మూడు గంటలకు 60 ప్రశ్నలే, ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, బయాలజీ తలా 15. ఒప్పుకు 4, తప్పుకు మైనస్ 1, మొత్తం 240. ప్రశ్నకు మూడు నిమిషాలిచ్చారంటే మూడు నిమిషాలు ఆలోచించాల్సిన ప్రశ్నే అడుగుతారు. శాంపిల్ పేపరు ఒకటి అడిగి చూడండి, సూత్రంలో అంకెలు వేసి అర నిమిషంలో తేలిపోయే ప్రశ్నలే ఉంటే కొనకండి. ‘నెగటివ్ ఉంది, తెలియనివి ముట్టుకోవద్దు’ అనే సలహాకూ లెక్క వేయండి. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా పెడితే సగటున పావు మార్కు లాభమే. ఒక ఆప్షన్ కచ్చితంగా తప్పని తెలిస్తే సగటున మార్కులో మూడింట రెండు వంతులు. ఎంపీసీ పిల్లలు బయాలజీని పూర్తిగా వదిలేసే ముందు ఇది గుర్తుంచుకోవాలి. అయితే సగటు సగటే, అదృష్టం బాగోకపోతే 15కు 15 మార్కులూ పోవచ్చు.

ఇప్పటికే డబ్బు కట్టేసి ఉంటే గొడవకు దిగే ముందు లాగిన్ రాబట్టుకోండి. పాస్‌వర్డ్ మార్చి, ఫోను, మెయిల్ సవరించే వీలుంటే సవరించండి. వీలు లేకపోతే పోర్టల్‌లో ఇచ్చిన హెల్ప్‌డెస్క్‌కు అప్లికేషన్ నంబరుతో రాయండి. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, టీసీ ఒరిజినల్స్ వాళ్ల దగ్గరుంటే మొదట అవి తెచ్చుకోండి, సీటు పక్కా అయ్యాక సంస్థకు చూపాల్సింది అవే. దొంగ ఆఫర్ లెటర్‌కు ఆన్‌లైన్‌లో డబ్బు పంపి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేసి యూపీఐ లావాదేవీ నంబరు చెప్పండి, మీ బ్యాంకుకూ చెప్పండి. వాపసు మాట తప్పితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. వాట్సాప్ చాట్ మాత్రం కోపంలో డిలీట్ చేయకండి, ‘సీటు గ్యారంటీ’ అని వాళ్లు రాసిన మాట అక్కడే ఉంటుంది.